గండి పడ్డాక ఖరారైన ప్లాన్: ప్రైమ్ హుక్ కేస్ స్టడీ

మా పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు పక్షుల లెక్క అడుగుతారు. ఏ పక్షి ఎప్పుడు వస్తుంది, ఎన్ని వస్తాయి, ఎక్కడ గూడు పెడతాయి అని. నేను ముందు నేల మట్టం కనుక్కోమంటాను. సముద్రమట్టంతో పోలిస్తే ఆ చిత్తడి ఎంత ఎత్తులో ఉంది? ఏటా ఎంత పెరుగుతోంది, లేదా ఎంత కుంగుతోంది? దీనికి ఎందుకంత పట్టుబడతానో చెప్పాలంటే అమెరికాలో ప్రైమ్ హుక్ అనే తీరపు అభయారణ్యం సంగతి చెప్పాలి.

ప్రైమ్ హుక్ ప్లాన్ రాసిన టీమ్‌లో నేను లేను. తీరప్రాంత చిత్తడి నేలలకు దీర్ఘకాలిక మేనేజ్‌మెంట్ ప్లాన్లు రాయడమే నా ఉద్యోగం కాబట్టి ఆ ప్లాన్‌నూ, దాంతోపాటు వచ్చిన పర్యావరణ ప్రభావ నివేదికనూ చాలాసార్లు తిరగేశాను. రెండుసార్లు వెళ్లి చూసొచ్చాను కూడా, పనులకు ముందొకసారి, తర్వాత ఒకసారి. కింద రాసిన అభిప్రాయాలు నావి.

ఆ చోటు ఎలా ఉంటుందంటే

అమెరికాలో డెలావేర్ రాష్ట్రం, ససెక్స్ కౌంటీ. డెలావేర్ అఖాతానికి పడమటి ఒడ్డున, 1963లో వలస పక్షుల కోసం ఏర్పాటు చేసిన నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ (వన్యప్రాణుల అభయారణ్యం) ఇది. విస్తీర్ణం దాదాపు 10,000 ఎకరాలు. అఖాతం వైపు నుంచి లోపలికి నడిస్తే ముందు సన్నటి ఇసుక దిబ్బ, దాని వెనక మైళ్ల కొద్దీ చిత్తడి, ఆ తర్వాత అడవి, పొలాలు. ఊళ్ల వైపు నుంచి ఒడ్డుకు వెళ్లే ఫౌలర్ బీచ్ రోడ్డు, ప్రైమ్ హుక్ రోడ్డు, బ్రాడ్‌కిల్ రోడ్డు ఈ చిత్తడిని అడ్డంగా కోస్తాయి. పేరుకు రోడ్లే గానీ నీటి లెక్కలో అవి కట్టలు. వాటివల్లే చిత్తడి నాలుగు ముక్కలైంది. రికార్డుల్లో వీటిని యూనిట్ 1 నుంచి యూనిట్ 4 దాకా పిలుస్తారు. మన కథంతా నడుమనున్న 2, 3 యూనిట్లలోనే జరుగుతుంది.

1980ల్లో ఆ రెండు యూనిట్లకూ తూములు పెట్టి, ఉప్పునీటి పోటును ఆపి, వాటిని మంచినీటి మడుగులుగా మార్చారు. ఆ రోజుల్లో ఉత్తర అమెరికా అంతటా బాతుల సంఖ్య పడిపోయి అందరికీ అదే బెంగ. మంచినీటి మడుగైతే నీటిని చేతిలో పెట్టుకోవచ్చు. వసంతంలో దించితే బురద తేలి తీరపు పక్షులకు మేత దొరుకుతుంది. వేసవిలో ఆ బురదలో గింజలిచ్చే గడ్డి మొక్కలు మొలుస్తాయి. శరత్కాలంలో నీళ్లు మళ్లీ పైకెత్తితే బాతులొచ్చి ఆ గింజలు తింటాయి. క్యాలెండర్ ప్రకారం తూము పలకలు వేయడం, తీయడం. చాలా ఏళ్లపాటు ఇది బాగా పనిచేసింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఆ ఏళ్లలో నేనక్కడ మేనేజర్‌గా ఉండుంటే నేనూ అదే చేసేవాణ్ని.

తూము మూస్తే నేలకేమవుతుంది

ఉప్పునీటి చిత్తడి తన నేలను తానే కట్టుకుంటుంది. రోజుకు రెండుసార్లు పోటు ఒండ్రు మోసుకొస్తుంది. గడ్డి కాడలు నీటి వేగాన్ని తగ్గిస్తాయి, ఒండ్రు కిందికి దిగుతుంది. పాత వేళ్లు కుళ్లీ కుళ్లకుండా పొరలు పొరలుగా పేరుకుంటాయి. అలా ఏటా కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. ఆ తీరంలో సముద్రమట్టం ఏటా 3 మిల్లీమీటర్లకు పైగానే పెరుగుతోంది కాబట్టి చిత్తడి కూడా ఆ వేగాన్ని అందుకోవాలి. అందుకోకపోతే మునుగుతుంది.

పోటును తూముతో ఆపితే ఒండ్రు రాదు. పైగా వేసవిలో నీళ్లు దించినప్పుడల్లా వేళ్ల పొరలకు గాలి తగిలి అవి కుళ్లిపోతాయి, నేల దిగిపోతుంది. ఇలా ఏళ్లు గడిచేసరికి దిబ్బకు అవతల సముద్రం పెరుగుతూ వచ్చింది, ఇవతల నేల కిందే ఉండిపోయింది. రెండిటి మధ్య ఆ సన్నటి ఇసుక దిబ్బ ఒక్కటే. పైనుంచి చూస్తే పచ్చగా, నిండా పక్షులతో అద్భుతంగా ఉంటుంది. నిజానికి అదొక పళ్లెం. పక్షుల లెక్క ఎన్నేళ్లు తీసినా ఈ విషయం బయటపడదు.

2006 నుంచి తుఫానులు ఆ దిబ్బను తెంచడం మొదలుపెట్టాయి. 2008 మేలో ఒకటి, 2009 నవంబరులో ఇంకొకటి గండ్లను పెద్దవి చేశాయి. మధ్యలో ఇసుక నెట్టి పూడ్చినా నిలవలేదు. యూనిట్ 2లోకి ఉప్పునీళ్లు వచ్చేశాయి, అక్కణ్నుంచి 3లోకి కూడా.

నేను మొదటిసారి వెళ్లింది ఆ రోజుల్లోనే. మడుగు ఉండాల్సిన చోట చెరువంత నీళ్లు, అందులో అక్కడక్కడా గోధుమరంగు మొదళ్లు. జమ్ము, తుంగ లాంటి మంచినీటి మొక్కలు ఉప్పుకు చచ్చిపోయాయి. మొక్క చస్తే వేరు చస్తుంది, వేరు చస్తే నేలను పట్టి ఉంచేది ఉండదు. గట్టు మీద నుంచి వెదురు కర్ర గుచ్చి చూశాను. మొదట జావలోకి దిగినట్టు సర్రున దిగిపోయింది. మోచెయ్యంత లోతుకు పోయాకే ఏదో గట్టిగా తగిలింది. ఉప్పును తట్టుకునే కార్డ్‌గ్రాస్ వచ్చి ఆ చోటును ఆక్రమించుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. అది సగటు సముద్రమట్టానికీ, సగటు పోటు మట్టానికీ మధ్యలోనే పెరుగుతుంది. ఇక్కడి నేల అంతకన్నా కింద ఉంది. మంచినీటి మొక్క బతకదు, ఉప్పునీటి మొక్క మొలవదు. నీళ్లు విశాలమయ్యేకొద్దీ లోపలే అలలు పుట్టి మిగిలిన గట్లనూ కొరికేశాయి.

అదే రోజు సాయంత్రం ఫౌలర్ బీచ్ రోడ్డు చివర నిలబడ్డాను. అలలు తారు రోడ్డును పెచ్చులు పెచ్చులుగా విరిచేశాయి. మే నెల, పోటు వేళ, గుడ్లు పెట్టడానికి గుర్రపునాడా పీతలు ఒడ్డెక్కుతున్నాయి. ప్రపంచంలో ఈ పీతలు అన్నిటికన్నా ఎక్కువగా గుడ్లు పెట్టేది ఈ అఖాతంలోనే. దక్షిణ అమెరికా కొస నుంచి ఆర్కిటిక్‌కు పోయే రెడ్ నాట్ పక్షులు ఇక్కడ దిగి, రెండు వారాల్లో ఆ గుడ్లు తిని దాదాపు రెట్టింపు బరువెక్కి ఎగిరిపోతాయి. ఆ రోజు ఒక పీత తారుపెచ్చుల సందులో వెల్లకిలా ఇరుక్కుని, తోక ముల్లుతో ఇసుకను తోస్తూ ఉంది. తీసి నీళ్లవైపు పెట్టాను. పక్క సందులో ఇంకోటి. దాని పక్కన ఎండిపోయినవి మూడు. ఒక పాత రోడ్డు కొస వల్ల ఇంత నష్టం ఉంటుందని ప్లాన్ పేజీల్లో చదివితే మనసుకెక్కదు.

ప్లాన్ రాస్తుండగానే నేల మారిపోతే

1997లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం ప్రతి రెఫ్యూజ్‌కూ సమగ్ర సంరక్షణ ప్లాన్ ఒకటి 15 ఏళ్లలోపు తయారవ్వాలి, ఆ తర్వాత 15 ఏళ్లకోసారి దాన్ని సవరించాలి. అంటే మొదటి గడువు 2012. ప్లాన్ మొదలవుతున్నప్పుడు ఏది 'ప్రస్తుత పరిస్థితి'? తూములు పనిచేస్తున్న మంచినీటి మడుగులు. ముసాయిదా సిద్ధమయ్యేసరికి? తెరిచిన గండి, ఉప్పునీటి మైదానం. మా పనిలో ఇంతకు మించిన టెన్షన్ లేదు. పోల్చి చూడ్డానికి పెట్టుకున్న పునాదే కదిలిపోయింది.

2012లో వచ్చిన ముసాయిదా మూడు దారులు పెట్టింది. ఒకటి, ఇప్పుడు జరుగుతున్నదే కొనసాగించడం. రెండోది, పాత మడుగులను మళ్లీ ఉప్పునీటి చిత్తడిగా మార్చడం. మూడోది, పాత పద్ధతికి తిరిగి వెళ్లి దిబ్బను గట్టిచేసి, మంచినీటి మడుగులు నిలబెట్టడం. రెఫ్యూజ్‌ను నడిపే ఫెడరల్ ఏజెన్సీ రెండో దారి ఎంచుకుంది.

క్లాసులో ఈ కేసు చెప్పేటప్పుడు మూడో దారిని ఎగతాళి చేయడం తేలిక. నేను చేయనివ్వను. దాని వెనక చాలా ఏళ్ల అనుభవం ఉంది, బాతుల వేటగాళ్ల మద్దతు ఉంది, ఆ మడుగుల మీద నిజమైన ప్రేమ ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, ఆ దారిలో పనికి ఎప్పటికీ ముగింపు ఉండదు. ఇసుక తెచ్చి దిబ్బ పోయాలి. తుఫాను కొట్టుకుపోతే మళ్లీ తెచ్చి పోయాలి. నేల కిందే ఉంటుంది, సముద్రం పైకే వస్తుంది, ప్రతి పదేళ్లకూ తేడా పెరుగుతుంది. నీటిలో పోసిన ప్రతి డాలరూ రేపటి గండిని ఇంకా లోతు చేయడానికే ఖర్చవుతుంది.

'పాత స్థితి' అనే మాట దగ్గర కూడా ఆగాలి. ఎంత పాత? 1985కా, అంతకు ముందుకా? మనుషులు తమ ఉద్యోగకాలంలో చూసిన మొదటి రూపాన్నే అసలు రూపం అనుకుంటారు. నేను రాసిన తొలి ప్లాన్‌లో 'ప్రస్తుత ఆవాసాలను యథాతథంగా కాపాడడం' అనే వాక్యం పేజీకోసారి కనిపిస్తుంది. ఆ కాగితాలు ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది. ఏ ఆవాసం, ఏ మట్టం దగ్గర, ఎంత ఖర్చుతో, ఎన్నాళ్లు అని నన్ను అప్పుడు ఎవరూ అడగలేదు.

ఇళ్లవాళ్లు

రెఫ్యూజ్‌కూ అఖాతానికీ మధ్య ఇసుక మీద ప్రైమ్ హుక్ బీచ్ అనే చిన్న కాలనీ ఉంది. దానికి దారి ఒక్కటే, చిత్తడి మీదుగా పోయే ప్రైమ్ హుక్ రోడ్డు. గండి పడ్డాక పెద్ద పోటు వచ్చినప్పుడల్లా ఆ రోడ్డు మునిగేది. స్కూలు బస్సు, అంబులెన్స్, ఆఫీసుకు పోయే కారు అన్నీ పోటు వేళలు చూసుకోవాల్సిందే. వాళ్లకు కావాల్సింది ఒక్కటే, గండి పూడ్చండి. వలస పక్షుల భవిష్యత్తు మీద మనం ఇచ్చే ప్రెజెంటేషన్ రోడ్డు మీద ఉప్పునీళ్లలో కారు నడిపొచ్చిన మనిషికి ఎలా వినిపిస్తుందో ఊహించుకోండి.

ఇలాంటి మీటింగుల్లో నేను చాలాసార్లు నిలబడ్డాను. అక్కడ నేర్చుకున్నదేమిటంటే, జనం అడిగేది పరిష్కారం పేరుతో వస్తుంది గానీ దాని లోపల అవసరం ఒకటి వేరే ఉంటుంది. గండి పూడ్చడం పరిష్కారం. రోడ్డు మునగకపోవడం అవసరం. ఈ రెండూ ఒకటి కావు. మంచినీటి మడుగు పోయినా రోడ్డు బాగుండొచ్చు. ఇంకా చెప్పాలంటే, దట్టమైన గడ్డి ఉన్న చిత్తడి అల వేగాన్ని బాగా తగ్గిస్తుంది, ఖాళీ నీళ్లు తగ్గించవు. కాలనీ క్షేమం కూడా చివరికి నేల మట్టం మీదే ఆధారపడింది. ఈ మాట మొదటి మీటింగులోనే బల్ల మీద పెడితే గొడవ సగం తగ్గుతుందని నా నమ్మకం. పూర్తిగా మాత్రం తగ్గదు.

డబ్బు వచ్చిన వేళ

2012 అక్టోబరు 29న సాండీ తుఫాను వచ్చింది. గండ్లు ఇంకా వెడల్పయ్యాయి. అప్పటికి ముసాయిదా జనంలోకి వెళ్లి, ఏ దారి ఎంచుకుంటున్నారో స్పష్టమై ఉంది. 2013కల్లా ప్లాన్ ఖరారైంది. అదే ఏడాది కాంగ్రెస్ సాండీ పునరావాస నిధులు మంజూరు చేసినప్పుడు అందులోంచి సుమారు 3.8 కోట్ల డాలర్లు ప్రైమ్ హుక్‌కు వచ్చాయి.

ఇది అదృష్టం అనేవాళ్లున్నారు. తుఫాను నిధులకు గడువుంటుంది, సిద్ధంగా ఉన్నవాడికే అందుతాయి. వీళ్ల దగ్గర దారి తేలి ఉంది, ప్రభావ నివేదిక అయిపోయింది, జనంతో తగవులాట కూడా అయిపోయింది. మూడేళ్లు పట్టే పని ముందే పూర్తయి బీరువాలో ఉంది. ప్లాన్లు బీరువాలో పడి ఉంటాయని మమ్మల్ని అందరూ వెక్కిరిస్తారు గానీ, ఒక్కోసారి అది అక్కడ ఉండడమే దాని పని.

పనులు 2015లో మొదలై 2016లో ముగిశాయి. సుమారు 4,000 ఎకరాల చిత్తడి. చేసినదాంట్లో రెండు విషయాలు నాకు బాగా నచ్చాయి.

మొదటిది దిబ్బ. గండ్లు పూడ్చారు, కానీ ఎత్తయిన గోడలా కట్టలేదు. దిబ్బను తక్కువ ఎత్తులో ఉంచి, దాని వెనక ఇసుకతోనే వెడల్పాటి అరుగు పోశారు, దాని మీద గడ్డి నాటారు. పెద్ద తుఫాను వస్తే నీళ్లు దిబ్బ మీంచి దూకనీ, ఇసుక కొట్టుకొచ్చి అరుగు మీద పడనీ అన్నది ఆలోచన. ఇసుక ఎక్కడికీ పోదు, దిబ్బ కొంచెం లోపలికి దొర్లుతుంది. ఇలాంటి తీరపు దిబ్బలు సహజంగా బతికేది అలాగే. ఎత్తు గోడ కట్టుంటే ఎదురుగా ఉన్న ఇసుకను అలలు తోడుకుపోయేవి.

రెండోది కాలువలు. గండి పూడ్చి ఊరుకుంటే లోపల నీళ్లు నిలిచిపోతాయి, గడ్డి మొలవదు. ఆటు వేళ నీళ్లు పూర్తిగా దిగిపోవాలి, పోటుకు మళ్లీ రావాలి. అందుకని చిత్తడిలో ఇరవై మైళ్లకు పైగా కాలువలు తవ్వారు. తవ్విన బురదను గట్లుగా పోయకుండా పక్కనున్న నీళ్లలోకి చిమ్మారు, అక్కడ మట్టం కొంచెమైనా పెరగాలని. ప్రైమ్ హుక్ రోడ్డు కింద నీళ్లు ధారాళంగా పారేలా దారి వెడల్పు చేశారు. ఫౌలర్ బీచ్ దగ్గర పీతల ప్రాణం తీసిన ఆ తారు రోడ్డు కొసను ఎత్తేశారు. బురద తేలిన చోట విమానంతో గడ్డి విత్తనాలు చల్లారు. పైపింగ్ ప్లవర్ అనే చిన్న తీరపు పక్షి, ఫెడరల్ రక్షణ జాబితాలో ఉన్నది, 2016లోనే కొత్త ఇసుక మీద గూడు పెట్టింది.

మిగతావి క్లుప్తంగా

ప్లాన్‌లో చిత్తడి ఒక్కటే లేదు. పొలాల సంగతి ముందే కోర్టుకెక్కింది. రెఫ్యూజ్ భూముల్లో జన్యుమార్పిడి పంటలు వేయడం సరైన పరిశీలన లేకుండా జరిగిందని 2009లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఆ పొలాలను మెల్లగా అడవిగా మారనివ్వడం ప్లాన్‌లో ఒక భాగం. డెల్మార్వా ఫాక్స్ స్క్విరల్ అనే పెద్ద ఉడుతకు అది మేలు చేసేదే. 2015లో ఆ ఉడుత ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితా నుంచి బయటపడింది కూడా. వేట, చేపలు పట్టడం, పక్షులు చూడ్డం, ఫొటోలు, పర్యావరణ విద్య, వివరణ కార్యక్రమాలు, ఈ ఆరింటికీ 1997 చట్టంలోనే ప్రాధాన్యం ఉంది కాబట్టి ప్రతి ప్లాన్‌లో వాటికి అధ్యాయాలు ఉంటాయి. వాటి గురించి ఇక్కడ కొత్తగా చెప్పేదేం లేదు.

ఇప్పుడు నా ప్లాన్లలో ఏం మారింది

మొదటి అధ్యాయం నేల మట్టం. చిత్తడిలో లోతుగా దిగేసిన స్టీలు కడ్డీలుంటాయి. వాటికి ఒక చెయ్యిలాంటి పరికరం బిగించి, తొమ్మిది సూదులు బురద మీదికి దించి ఒక్కోటి ఎంత దిగిందో కొలుస్తారు. నాలుగు దిక్కులా అలా చేస్తే ముప్పై ఆరు కొలతలు. పక్కనే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు తెల్లటి పొడి చదరంగా చల్లుతారు. ఏడాది తర్వాత కత్తితో కేకు ముక్కలా బురద కోసి చూస్తే తెల్ల గీత మీద బూడిదరంగు పొర ఎంత మందం ఉందో స్కేలుతో కొలవొచ్చు. మొదటిసారి ఆ ముక్క నా అరచేతిలో పెట్టారు. ఏడాదిపాటు సముద్రం తెచ్చి పెట్టినదంతా కలిపి నా గోరు వెడల్పు కూడా లేదు. అప్పటిదాకా నేను కాగితం మీద రాసిన '3 మిల్లీమీటర్లు' అనే మాటకు అర్థం అప్పుడే తెలిసింది. పొర పెరిగినా కింద నేల కుంగుతుంటే లాభం లేదు కాబట్టి రెండు కొలతలూ పక్కపక్కనే ఉండాలి.

రెండోది, ముందే రాసి పెట్టుకున్న గీతలు. మట్టం ఇంతకన్నా కిందికి పడితే ఏం చేస్తాం. గండి పడితే ఎన్ని నెలలు చూస్తాం, ఎంత వెడల్పయితే పూడ్చడం మానేస్తాం, అది ఎవరు నిర్ణయిస్తారు. ఇవన్నీ ఎండగా ఉన్న రోజున రాసుకోవాలి. గండి పడ్డ మర్నాడు రాయబోతే టీవీ కెమెరాలు, ఎమ్మెల్యేల్లాంటి వాళ్ల ఫోన్ల మధ్య ఎవరి బుర్రా పనిచేయదు. ప్రైమ్ హుక్‌లో మొదటి గండికీ చివరి నిర్ణయానికీ మధ్య ఆరేళ్లకు పైగా గడిచాయి. ఆ ఆరేళ్లలో నేల ఇంకా పోయింది.

మూడోది, చిత్తడి వెనక్కి జరగడానికి చోటు. సముద్రం పెరిగేకొద్దీ చిత్తడి అడవిలోకి, పొలంలోకి పాకుతుంది. మేరీల్యాండ్‌లో బ్లాక్‌వాటర్ రెఫ్యూజ్ 1930ల చివరి నుంచి 5,000 ఎకరాలకు పైగా చిత్తడి పోగొట్టుకుంది. అక్కడివాళ్లు ఇప్పుడు మునిగేదాన్ని కాపాడడంతో పాటు, రేపు చిత్తడి కాబోయే ఎత్తు నేలలను ఇవాళే గుర్తించి కాపాడుకుంటున్నారు. ఇది మింగుడు పడడం కష్టం. ఈ రోజు పైన్ చెట్లున్న నేలను 'భవిష్యత్ చిత్తడి' అని మ్యాప్‌లో నీలం రంగు వేస్తే దాని యజమాని ఏమంటాడో తెలుసు కదా.

ప్రైమ్ హుక్ ప్లాన్‌కు 15 ఏళ్లు 2028 ప్రాంతంలో నిండుతాయి. రెండోసారి వెళ్లినప్పుడు నేను కర్ర గుచ్చిన చోటు కోసం చాలాసేపు వెతికాను. దాదాపు అక్కడే అనుకున్న చోట నడుమెత్తు కార్డ్‌గ్రాస్ ఉంది, మొదళ్లకు అంటుకుని చిన్న నత్తలు. కర్ర మళ్లీ గుచ్చాను. ఈసారి జానెడు లోతుకే వేళ్లు తగిలాయి, రెండు చేతులతో నొక్కితే తప్ప దిగలేదు. పడమటి అంచున మాత్రం అడవి మొదలయ్యే చోట ఒక వరస చెట్లు నిలువునా ఎండిపోయి ఉన్నాయి. వాటి మొదళ్ల మధ్య అదే గడ్డి అప్పుడే మొలుస్తోంది.